ఉప్పుపడవ మునిగిన ఏడు

కామాక్షయ్య పడవ దిగనన్నాడు.

పడవ నీళ్లలో ఉంటే ఆ మాటకు అర్థముండేది. అది ఇసుకలో ఉంది. పొద్దున వేట నుంచి రాగానే అందరూ చేరి దాన్ని మెరకకు లాగారు, వల దించారు, చేపల గంపలు ఎత్తుకుని ఎవరి దోవన వాళ్లు పోయారు. కామాక్షయ్య మాత్రం వెనక తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చోటనే ఉండిపోయాడు. ఎండ నడినెత్తికి వస్తున్నా కదల్లేదు.

అవతల కుప్పం, ఆ జాలరి పల్లె అంతా పండగలో మునిగి ఉంది. ఆ పండగ ఆయనదే.

ఆ కుప్పంలో తెడ్డు పట్టి పడవ నడిపే మనిషికి యాభై నిండితే తెడ్డు దించాలి. పడవ దిగి, తన ఇష్టమొచ్చినవాడి చేతికి తెడ్డు ఇచ్చి, గట్టు మీద పెద్దల వరసలో కూర్చోవాలి. మళ్లీ అల దాటి పోకూడదు. ఆ రోజు జరిగే సంబరం ముందు పెళ్లిళ్లు దిగదుడుపే. ఎందుకుండదు సంబరం? యాభై దాకా తెడ్డు పట్టినవాడు ఆ కుప్పంలో అరుదు. సముద్రం చాలామందిని అందాకా ఉండనివ్వదు.

అందుకే పిల్లా పెద్దా అందరికీ కాళ్లు నేల మీద ఆగడం లేదు. కామాక్షయ్య కొడుకు పోలేరయ్య తడ నుంచి కాలవ మీద మైకుసెట్టు తెచ్చాడు. అది కాసేపు పాడుతోంది, కాసేపు గురక పెడుతోంది. రెండింటికీ జనం ఒకేలా సంతోషపడుతున్నారు. కామాక్షయ్య అక్క పిచ్చమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. వెంకటాచలంలో ఎవరో మోతుబరి యాభయ్యో ఏట బెల్లంతో తులాభారం తూగాడని విన్నదట, తమ్ముణ్ణి ఎండుచేపలతో తూచి ఊరంతా పంచుతానని పెద్ద తక్కెడ కట్టించింది. ఒక సిబ్బెలో చేపలు సిద్ధంగా ఉన్నాయి. రెండో సిబ్బెలోకి రావలసిన మనిషి పడవలో ఉన్నాడు.

పిలవడానికి వెళ్లినవాళ్లందరికీ ఆయన చెప్పిందొకటే. తనకు యాభై నిండలేదట. తను పుట్టింది ఉప్పుపడవ మునిగిన ఏడు కాదట, బెల్లప్పడవ మునిగిన ఏడట.

కుప్పంలో పుట్టిన రోజులు గుర్తుపెట్టుకునే అలవాటు లేదు. ఏదో ఒకటి మునిగిన ఏడో, ఏదో ఒకటి కొట్టుకుపోయిన ఏడో చెప్పుకుంటారు. బకింగాం కాలవలో ముందు ఉప్పుపడవ మునిగింది. దాని తర్వాత మూడేళ్లకు బెల్లప్పడవ మునిగింది. కామాక్షయ్యది ఉప్పుపడవ ఏడేనని అందరూ అనుకుంటూ వచ్చారు. ఆ లెక్కనే పోయిన వారం ఆయన భార్య మస్తానమ్మ, కుప్పంలో తీర్పులు చెప్పే పెద్దకాపు ఆదెయ్య ఇంటికి వెళ్లి తాంబూలం పెట్టి, మా ఆయనకు యాభై నిండినాయి, తెడ్డు దించే పండగ చెయ్యండి అని చెప్పి వచ్చింది. మొగుణ్ణి అడగలేదు. అడిగితే ఏమంటాడో ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకు తెలియనిది కాదు.

బెల్లం మాట బయటికి రాగానే కుప్పం రెండుగా చీలింది. సగం మంది ఉప్పు, సగం మంది బెల్లం. చుట్టల పందేలు కూడా మొదలయ్యాయి. బెల్లప్పడవ మునిగిన ఏడు కాలవ నీళ్లు తియ్యగా ఉంటే దోసిళ్లతో తాగానని పిచ్చమ్మ చెప్పింది. మరి అప్పటికి నీ తమ్ముడు పుట్టినాడా లేదా అని ఆదెయ్య అడిగాడు.

"నేను నీళ్లు తాగడంలో ఉండాను గదా పెద్దకాపా" అంది పిచ్చమ్మ. "ఇంట్లో ఎవురు పుట్టినారో యాడ చూసినాను?"

ఆదెయ్య సాక్ష్యాలతో విసిగిపోయాడు. కన్నతల్లి బతికే ఉంది, ఆమెనే అడుగుదాం, పొద్దు వాలేలోపల పేరమ్మ వచ్చి పదిమందిలో చెప్పాలి అని కబురు పెట్టాడు.

ఆ కబురు వినగానే మస్తానమ్మకు గుండె తేలికపడింది. అత్త కూడా ఉప్పనే చెబుతుంది, ఇంకేం చెబుతుంది అనుకుంది. వంటపాకలోకి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లింది. ఒక పొయ్యి మీద మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడుకుతోంది. ఇంకో పక్క పేరమ్మ పాయసానికి బెల్లం దంచుతోంది. కళ్లు సరిగా కనిపించకపోయినా ఆమె రోకలి గురి తప్పదు.

మస్తానమ్మ పెద్దకాపు కబురు చెప్పింది. పేరమ్మ వినీ విననట్టు దంచుతూనే ఉంది. రెండోసారి చెప్పాక రోకలి పక్కన పెట్టింది.

"వాడు చెప్పేదే నిజం మే" అంది. "వాడు పుట్టినప్పుడు మీ మామ కాలవలో మునిగి తడిబెల్లం గడ్డ తెచ్చినాడు. బిడ్డ నాలిక్కి మొదట రాసింది అదే."

మస్తానమ్మ పొయ్యి దగ్గర అట్లాగే నిలబడిపోయింది. మరి ఇన్నేళ్లూ ఉప్పుపడవ ఏడని అందరూ అంటుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగింది. పేరమ్మకు అందులో వింతేమీ కనిపించలేదు. ఉప్పుపడవ ఏడు పుట్టింది కామాక్షయ్య కంటే ముందువాడు, వాడు పురిట్లోనే పోయాడు. వాడి కోసం అనుకున్న పేరే వీడికి పెట్టారు. ఊరు పేరు గుర్తుపెట్టుకుంది, బిడ్డ మారిన సంగతి మర్చిపోయింది. పోయిన బిడ్డ మాట పనిగట్టుకుని ఎత్తేదెవరు?

బయట మైకుసెట్టు గట్టిగా పాట అందుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. మస్తానమ్మకు ఏడుపు వచ్చింది.

ఆమెకు కావలసింది పండగ కాదు. మొగుడు ఇంటి పట్టున ఉండటం కావాలి. పోయిన కార్తీకంలో గాలివాన వచ్చినప్పుడు మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి, కామాక్షయ్య పడవ రాలేదు. గట్టు మీద నిలబడి సముద్రాన్ని తిట్టింది, మొక్కింది, మళ్లీ తిట్టింది. చివరికి ఆయన వచ్చాడు, పడవ ఒక పక్క పగిలి. వచ్చి అన్నం తిని, మర్నాడు పడవ బాగు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజే ఆమె నిర్ణయించుకుంది, ఈ మనిషిని సముద్రం మీదికి పంపేది ఇంకెన్నాళ్లో కాదని. ఇప్పుడు ఇంకో మూడేళ్లంటే ఆమె వల్ల కాదు. ఆ మూడేళ్లలో ఎన్ని గాలివానలొస్తాయో ఎవరు చూశారు?

"పదిమందిలో ఏం చెప్తావత్తా?" అని అడిగింది.

పేరమ్మ పొడిబెల్లం చేతిలోకి తీసుకుని, తడిమి, మళ్లీ రోట్లో వేసింది.

"నువ్వేం చెప్తే అదే చెప్తా" అంది చివరికి. "ఆ కార్తీకంలో నువ్వొక్కదానివే ఏడ్చినావనుకుంటుండావా?"

మస్తానమ్మ కళ్లు తుడుచుకుంది. గిన్నెలో అన్నం పెట్టి, పులుసు పోసి, పెద్ద ముక్క చూసి వేసి, దాని మీద ఆకు మూసి బయటికి నడిచింది.

దారిలో పోలేరయ్య ఎదురొచ్చాడు. తలకు కొత్త ఎర్రగుడ్డ చుట్టాడు, మొహం వెలిగిపోతోంది. నాయన దిగుతాడా అమ్మా అని అడిగాడు. దిగుతాడు పో అంది. వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇరవై అయిదేళ్ల మగవాడు, ఇంకా చిన్నపిల్లాడి మాదిరి ఏమిటో ఈ సంబరం అనుకుని ఆమె ముసిముసిగా నవ్వుకుంది. వాణ్ణి ఆమె ఎన్నడూ సముద్రం మీదికి పోనివ్వలేదు. వాడు అడిగినప్పుడల్లా నీకింకా వయసు రాలేదు అనేది. అట్లా అంటూనే కాలవ పడవల్లో పనికి కుదిర్చింది. కాలవలో అలలుండవు. మునిగితే ఉప్పో బెల్లమో మునుగుతుంది, మనిషి నడుచుకుంటూ గట్టెక్కుతాడు. కామాక్షయ్య తెడ్డుకు వారసుడుగా ఆమె లెక్కలో ఉన్నది పిచ్చమ్మ కొడుకు రమణయ్య. ఎన్నో ఏళ్లుగా మేనమామ ముందు కూర్చుని పడవ తోసేది వాడే. అందులో ఎవరికీ అనుమానమే ఉండదని మస్తానమ్మ నమ్మకం.

పడవ నీడ కొంచెమే ఉంది. కామాక్షయ్య ఎండలోనే ఉన్నాడు. మస్తానమ్మ గిన్నె పడవ అంచు మీద పెట్టింది. ఆయన గిన్నె వంక చూసి, వాసన పీల్చి, మొహం అటు తిప్పుకున్నాడు. పులుసు మీద అలక చూపించడం ఆయనకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

అల వచ్చి, విరిగి, వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది.

తినమని అడిగిందామె. తిననన్నాడు. ఎంతకాలం ఇట్లా కూర్చుంటావంటే, ఇంకో మూడేళ్లు అన్నాడు. నవ్వాలో కోప్పడాలో తెలియక, ఊరు నవ్వుతుందని అంది. నవ్వనీ, పండగ రోజు ఊరు నవ్వడమే మంచిదన్నాడు. సంబరం వాళ్లు చేసుకోనీ, తనను మాత్రం వదిలిపెట్టమన్నాడు. అంతగా యాభై నిండే రోజు వస్తే ఆ రోజు తక్కెళ్లు, మైకులు ఏమీ వద్దట. పొద్దు పొడిచేటప్పుడు అల దాటి పోయి, వల వెయ్యకుండా, ఊరికే కాసేపు అక్కడ ఉండి వస్తాడట. తన పండగ అదేనట.

ఆ మాట మస్తానమ్మకు గుచ్చుకుంది. గట్టు మీద తనుండగా, వల కూడా లేకుండా అక్కడేముందని పోవడం?

"నేనంటే నీకు అంత చేదా బావా?" అంది.

కామాక్షయ్య తెడ్డు మీద చెయ్యి రాశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఆదెయ్య చెప్తే నేను దిగను మే. అమ్మ చెప్పినా దిగనేమో, ఆమెకు మతిమరుపు. నువ్వు అమ్మనడిగి వచ్చుంటావు. నీ నోటితో చెప్పు. ఉప్పా, బెల్లమా?"

గిన్నె మీద ఆకు గాలికి లేచింది. దాన్ని సర్ది పెట్టింది. అంత పని చేసేలోపల ఆమె చెప్పవలసిన మాట తేలిపోవాలి. కార్తీకం గుర్తొచ్చింది. పగిలిన పడవ గుర్తొచ్చింది.

"ఉప్పే" అంది.

ఆయన ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. ఎవరిని అడిగినావు, ఎట్లా చెప్పిందని రెట్టించలేదు. తల ఊపాడు. గిన్నె దగ్గరికి లాక్కుని ఆకలిగా తిన్నాడు, ముల్లు తీసిన పెద్ద ముక్కలో సగం ఆమె చేతిలో పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. తెడ్డు భుజాన వేసుకుని పడవలోంచి ఇసుకలోకి దిగాడు.

ఎక్కడ నుంచి చూశారో, పిల్లలు ఒక్కసారిగా అరిచారు. డప్పులు మొదలయ్యాయి. మైకుసెట్టు కూడా సరిగ్గా అప్పుడే గురక మాని పాట ఎత్తుకుంది. కుప్పం కుప్పమంతా గట్టు మీదికి పరుగెత్తుకొచ్చింది. ఆయనే దిగాక ఇక పేరమ్మను అడిగే పని లేకపోయింది, ఉప్పు పక్షం వాళ్లు చుట్టలు వసూలు చేసుకున్నారు. పిచ్చమ్మ తమ్ముణ్ణి లాక్కుపోయి తక్కెడలో కూర్చోబెట్టింది. చేపలు చాలలేదు. ఇంకో గంపెడు వేశారు, సిబ్బె లేచింది, జనం ఈలలు వేశారు. కామాక్షయ్యకు తెలియకుండానే నవ్వు వచ్చేసింది. దిగనని మొండికేసిన మనిషి ఇతనేనా అనిపించింది. యాభయ్యేళ్లు రావడం ఇంత బాగుంటుందని ముందే తెలిస్తే పొద్దున్నే దిగేవాణ్ణి అన్నాడు. ఆ నవ్వు చూసి మస్తానమ్మ, తను చేసింది తప్పే అయినా మంచి తప్పని సమాధానపడింది. ఆమెకూ నవ్వొచ్చింది. పిచ్చమ్మ కూతుళ్లు లాగితే రెండడుగులు కూడా వేసింది.

ఆదెయ్య చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి. తెడ్డుకు పసుపు పూశారు, కుంకుమ పెట్టారు. పసుపు పూసింది పోలేరయ్య. ఎంత శ్రద్ధగా పూశాడంటే, దాని మీద ఒక్క గీత కూడా వదల్లేదు. ఇక ఎవరి చేతికిస్తావో ఇవ్వు, రేపు పొద్దు పొడిచేటప్పటికి వాడు అల దాటాలి అని ఆదెయ్య చెప్పాడు.

కామాక్షయ్య తెడ్డు తీసుకుని అందర్నీ ఒకసారి చూశాడు. నేరుగా మస్తానమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు నేను ఆడ ఉంటే నువ్వు ఈడ నిలబడినావు" అన్నాడు. "ఈ పడవ ఎప్పుడొస్తాదని నా కంటే జాస్తి చూసింది నువ్వే. ఎవురికీయాల్నో నువ్వే ఇయ్యి."

ఇట్లాంటిది కుప్పంలో ఎన్నడూ జరగలేదు. ఆడదాని చేతికి తెడ్డేమిటని ఒకరిద్దరు గొణిగారు గానీ, పేరమ్మ గట్టిగా గొంతు సవరించుకునేసరికి ఊరుకున్నారు. మస్తానమ్మకు ఒళ్లు పులకరించింది. తెడ్డు ఇంత బరువుంటుందని ఆమెకు తెలియదు. రమణయ్య వైపు నడిచి, తెడ్డు ముందుకు చాచింది.

రమణయ్య చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు.

"పోలేరయ్యకియ్యి అత్తా" అన్నాడు. "వాడు నన్నడిగినాడు. నేను సరేనన్నా. రేపు ముందు నేను కూర్చుంటా, వెనక వాడు."

మస్తానమ్మ పక్కకు తిరిగేసరికి పోలేరయ్య అక్కడే ఉన్నాడు. ఎర్రగుడ్డ, వెలిగే మొహం, పసుపు చేతులు. మైకుసెట్టు ఎందుకు తెచ్చాడో, తెడ్డుకు అంత శ్రద్ధగా పసుపు ఎందుకు పూశాడో, దారిలో ఎందుకు గంతేశాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. వాడు రెండు చేతులతో తెడ్డు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. కొడుకు చేతుల పసుపు ఆమె వేళ్లకు అంటుకుంది. రేపు పొద్దున వాడు అల దాటుతాడు. కాలవలో తప్ప తెడ్డు వెయ్యనివాడు.

"ఆగండి" అంది. "ఈయనకు యాభై నిండలేదు. బెల్లప్పడవ ఏడే. నేను అబద్ధం చెప్పినాను."

మైకుసెట్టును ఎవరో ఆపారు. ఆదెయ్య పేరమ్మ వైపు తిరిగాడు. కోడలు చెప్పినాక నేను వేరే చెప్పేదేముంది, బెల్లమే అంది పేరమ్మ.

కామాక్షయ్య కదల్లేదు. మస్తానమ్మ ఆయన కళ్లలోకి చూడలేకపోయింది. చూడకుండానూ ఉండలేకపోయింది.

"నా మొగం చూసి చెప్పినావు గదా మే" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. అబద్ధం ఎవరి కోసం చెప్పిందో, నిజం ఎవరి కోసం చెప్పిందో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. మొగుణ్ణి గట్టెక్కించడానికి ఒకటి, కొడుకును గట్టు మీద ఉంచడానికి ఒకటి.

బెల్లం పక్షం వాళ్లలో కదలిక మొదలైంది. కామాక్షయ్య కూడా తేరుకున్నాడు. బాధ ఎంత ఉన్నా, ఇంకో మూడేళ్ల సముద్రం తనకు మిగిలిందన్న సంతోషం దాన్ని తోసుకుని ఆయన మొహంలోకి వచ్చేసింది. ముందుకొచ్చి తెడ్డు ఒక కొస పట్టుకున్నాడు. ఇవ్వరా అని కొడుకుతో అన్నాడు.

ఆదెయ్య అడ్డుచెప్పాడు. ఉప్పయినా బెల్లమయినా దిగిన కాలు దిగినట్టే, తెడ్డు మళ్లీ దించినవాడి చేతికి పోదు, మస్తానమ్మ ఎవరికిస్తే వాడిదే అన్నాడు. కాదు, అబద్ధం మీద దిగింది దిగినట్టు కాదని సగం కుప్పం అరిచింది. పొద్దుటి కంటే ఎక్కువ హుషారుగా మళ్లీ రెండు పక్షాలయ్యాయి.

తెడ్డుకు అటు తండ్రి, ఇటు కొడుకు, నడిమధ్య మస్తానమ్మ. ముగ్గురిలో ఎవరూ వదల్లేదు.

పోలేరయ్య మొహంలో వెలుగు పోలేదు గానీ, నవ్వు పోయింది. తండ్రి వైపు చూడలేదు. తల్లినే చూశాడు.

"నాయన వయసు నువ్వే పెంచినావు, నువ్వే తగ్గించినావు" అన్నాడు. "నాకెన్నేళ్లో గూడా ఇప్పుడే చెప్పమ్మా."